బిజినెస్ స్కూల్ పీహెచ్‌డీ: అనలిటిక్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఆపరేషన్స్‌లో ఏ ట్రాక్ ఎంచుకోవాలి?

కొత్తబాట

అందరికీ నమస్కారం. ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశాక కొన్నేళ్లుగా ఒక కంపెనీ డేటా టీమ్‌లో పనిచేస్తున్నాను. ఏ సరుకు ఎంత అమ్ముడవుతుందో అంచనా వేయడం, ఏ గోడౌన్‌లో ఎంత స్టాక్ ఉంచాలో చెప్పడం నా పని. పని బాగానే ఉంది. కానీ మోడల్ ఇచ్చేశాక అది ఎందుకు పనిచేసింది, ఎక్కడ బెడిసికొట్టింది అని నిదానంగా ఆలోచించే తీరిక ఉండదు. అప్పటికే ఇంకో పని నెత్తిన పడుతుంది. ఆ ప్రశ్నల వెంటే కొన్నేళ్లు ఉండాలనిపించి పీహెచ్‌డీలు చూస్తున్నాను.

చిక్కు ఏంటంటే, చాలా చోట్ల అనలిటిక్స్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఆపరేషన్స్ మూడూ ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాయి. అప్లికేషన్‌లో మాత్రం ఏ ట్రాక్ అని అడుగుతున్నారు. వెబ్‌సైట్లు చదివితే అన్నింట్లోనూ డేటా, మోడల్, నిర్ణయం అనే మాటలే. లోపల ఉన్నవాళ్లు చెప్పండి, అసలు తేడా ఎక్కడ? నేను లెక్కలు మళ్లీ ఎంతవరకు చదవాలి?

క్యూలైన్ (ఆపరేషన్స్, చివరి సంవత్సరం)

స్వాగతం అండీ. నిర్వచనాలు చెబితే తేడా తెలియదు. ఒకే సమస్యని ముగ్గురి చేతికి ఇచ్చి చూద్దాం. నా వంతు నేను చెబుతాను, మిగతా రెండూ ఇక్కడున్న ఆ ట్రాక్‌ల వాళ్లు చెబితే బాగుంటుంది.

సమస్య: ఒక క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లలో కొందరు రారు. డాక్టర్ ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది. పోనీ ఎక్కువ మందిని పిలుద్దామంటే, అందరూ వచ్చిన రోజున హాలు నిండిపోతుంది.

ఆపరేషన్స్ మనిషి దీన్ని చూడగానే ఒక పక్క పేషెంట్ ఎదురుచూసే సమయం, మరో పక్క డాక్టర్ ఖాళీ సమయం పెడతాడు. ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది. రెండింటికీ తగిన బరువు ఇచ్చి, ఏ టైమ్‌కి ఎంతమందిని పిలవాలో తేలుస్తాడు. ఇది పాత ప్రశ్నే. 1952లో నార్మన్ బెయిలీ ఆసుపత్రి అవుట్ పేషెంట్ విభాగాల మీద పేపర్ రాస్తూ, మొదట్లో ఇద్దరిని ఒకేసారి పిలిచి, తర్వాత సగటు కన్సల్టేషన్ సమయానికి ఒకరి చొప్పున పిలవమన్నారు. మొదటి పేషెంట్ రాకపోయినా డాక్టర్ చేతిలో ఒకరు ఉంటారు. ఇంత చిన్న నియమం ఏ పరిస్థితుల్లో మంచిదో, ఎక్కడ కాదో రుజువు చేయడానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది. అక్కడ డేటా లేకపోయినా పని మొదలవుతుంది. పేషెంట్ వచ్చే సంభావ్యత ఇంత అనుకుని, ఏ షెడ్యూల్ ఉత్తమమో నిరూపిస్తారు. మీకు ఆ నిరూపణలో ఆనందం ఉంటే మీరు మా మనిషి.

తెరవెనుక_డేటా (ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, అసిస్టెంట్ ప్రొఫెసర్)

మంచి ఉదాహరణ పెట్టారు, క్యూలైన్ గారూ. అదే క్లినిక్ మా చేతికొస్తే మేం షెడ్యూల్ జోలికి వెళ్లం. అపాయింట్‌మెంట్‌ని గుర్తుచేసే యాప్ ఒకటి పెట్టారనుకోండి. యాప్ వాడినవాళ్లు ఎక్కువగా వస్తున్నారు. అది యాప్ గొప్పతనమా, లేక ఎలాగూ వచ్చే అలవాటున్నవాళ్లే యాప్ పెట్టుకున్నారా?

ఇది తేల్చడం చాలా కష్టం. ఆ క్లినిక్‌కి ఇరవై బ్రాంచీలుండి, యాప్ కొన్ని బ్రాంచీలకి ముందు, కొన్నింటికి ఆలస్యంగా వచ్చిందనుకుందాం. ముందు వచ్చినవాటిలో మార్పుని, ఇంకా రానివాటిలో మార్పుతో పోలుస్తాం. డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ అంటే ఇదే. అయితే జర్నల్ తరఫున పేపర్‌ని పరీక్షించే రివ్యూయర్ అడిగే మొదటి ప్రశ్న: "ఏ బ్రాంచీకి ముందు ఇవ్వాలో ఎవరు నిర్ణయించారు?" జనం రాని బ్రాంచీలకే ముందు ఇచ్చి ఉంటే, అవి యాప్ లేకపోయినా కొంత మెరుగుపడేవేమో. అప్పుడు మీ ఫలితం కూలిపోతుంది. కంప్యూటర్ సైన్స్‌లో యాప్ కట్టడం గొప్ప. మాకు ఆ యాప్ వచ్చాక మనుషులు, సంస్థలు, మార్కెట్లు ఎలా మారాయో చూడటం ముఖ్యం.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లోనే మళ్లీ పాయలున్నాయి. ఆర్థికశాస్త్రం పద్ధతుల్లో చేసేవాళ్లు ఒక పాయ. 2003లో బ్రిన్యోల్ఫ్‌సన్, హు, స్మిత్ ఆన్‌లైన్ పుస్తకాల దుకాణాల మీద రాసిన పేపర్ దానికి మంచి నమూనా. ధర తగ్గడం వల్ల కన్నా, మామూలు దుకాణంలో దొరకని పుస్తకాలు దొరకడం వల్లే కొనేవాళ్లకి ఎన్నో రెట్లు లాభం జరిగిందని అందులో లెక్కగట్టారు. మనుషుల ప్రవర్తన చూసేవాళ్లు ఇంకో పాయ. టెక్నాలజీని జనం ఎందుకు వాడతారు అనే ప్రశ్నకి ఫ్రెడ్ డేవిస్ 1989లో ఎంఐఎస్ క్వార్టర్లీ అనే జర్నల్లో ఇచ్చిన జవాబు, ఉపయోగం ఉందనిపించడం, తేలికనిపించడం, ఎంఐటీలో ఆయన చేసిన పీహెచ్‌డీ థీసిస్ నుంచి వచ్చిందే. కొత్త పద్ధతినో పనిముట్టునో తయారుచేసి పరీక్షించే డిజైన్ సైన్స్ మూడో పాయ. ఈ మూడు పాయల వాళ్లు ఒకే కారిడార్‌లో కూర్చుంటారు గానీ, ఒకరి పేపర్ ఇంకొకరు రివ్యూ చేయలేని సందర్భాలు చాలా ఉంటాయి.

సున్నా_నుంచి (అనలిటిక్స్, రెండో సంవత్సరం)

నా వంతు. ఎవరు రారో ముందే ఊహించే మెషీన్ లెర్నింగ్ మోడల్ కడతాం అనుకుంటారు అందరూ. అది సగమే. ఊహ ఎంత కచ్చితమైనదన్నది కాకుండా, ఆ ఊహతో తీసుకున్న నిర్ణయం ఎంత మంచిదన్నదే ప్రశ్న. 2020లో మేనేజ్‌మెంట్ సైన్స్‌లో వచ్చిన బెర్ట్‌సిమాస్, కల్లుస్ పేపర్, 2022లో అదే జర్నల్లో ఎల్మాక్టూబ్, గ్రిగాస్ రాసిన పేపర్ చదవండి. మోడల్‌ని ట్రెయిన్ చేసేటప్పుడే దాని తప్పు వల్ల నిర్ణయం ఎంత చెడిందో లెక్కలోకి తీసుకోవడం గురించి రెండోది. ఈ ట్రాక్ స్వభావం ఆ రెండు పేపర్లలో పట్టుబడుతుంది.

క్లినిక్ సంగతికే వస్తే ఇంకో కోణం ఉంది, నాకు చాలా ముఖ్యమైనది. రాకపోవచ్చు అనిపించిన పేషెంట్ల స్లాట్లలోనే మోడల్ ఇద్దరేసి మందిని పెడుతుంది. ఆ స్లాట్లలో ఇద్దరూ వచ్చేస్తే ఎదురుచూసేది వాళ్లే. ఎవరికి రాకపోయే అవకాశం ఎక్కువ? బండి లేనివాళ్లకి, పని మానుకుని రాలేనివాళ్లకి. అంటే కష్టంలో ఉన్నవాళ్లనే మోడల్ ఇంకాసేపు కూర్చోబెడుతుంది. 2022లో ఎం అండ్ సోమ్ (మాన్యుఫాక్చరింగ్ అండ్ సర్వీస్ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్) జర్నల్లో సమోరానీ బృందం అమెరికా డేటాతో సరిగ్గా ఇదే చూపించింది. మామూలు పద్ధతిలో నల్లజాతి పేషెంట్లు ఎక్కువసేపు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ తేడా తగ్గేలా షెడ్యూల్ లక్ష్యాన్నే మార్చి రాశారు. ఊహ, నిర్ణయం, న్యాయం మూడూ ఒక్క పేపర్లో. నేను ఈ రంగంలోకి రావడానికి కారణం ఇలాంటి పనే.

మౌనవీక్షకుడు

చాలాకాలంగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ మూడు పోస్టులు సేవ్ చేసుకున్నాను. ధన్యవాదాలు.

కొత్తబాట

నిజంగా కళ్లు తెరిపించారు. చదువుతుంటే మూడూ నావే అనిపిస్తున్నాయి, ఇప్పుడు ఇంకో రకం టెన్షన్! లెక్కల గురించి కూడా ఎవరైనా చెబుతారా?

ఎప్సిలాన్_డెల్టా (ఆపరేషన్స్ ప్రొఫెసర్)

లెక్కల విషయం నేను చెబుతాను బాబూ. మా దగ్గరికి వచ్చే అప్లికేషన్లలో కోడింగ్ రానివాళ్లు దాదాపు కనపడరు. ప్రూఫ్ రాయడం రానివాళ్లు బోలెడంత మంది. కాబట్టి పైథాన్ కోర్సు ఇంకోటి చేసి ప్రయోజనం లేదు. రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌ని నిరూపణలతో చదవడం), సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా చదవండి. తర్వాత లీనియర్ ప్రోగ్రామింగ్, స్టొకాస్టిక్ ప్రాసెసెస్ (కాలంతో యాదృచ్ఛికంగా మారేవాటి లెక్కలు).

మీకు మీరే పెట్టుకోగల పరీక్ష ఒకటుంది. క్యూలో సగటున ఉండే మనుషుల సంఖ్య, వాళ్లు వచ్చే రేటుని ఒక్కొక్కరు సగటున గడిపే సమయంతో హెచ్చిస్తే వచ్చేదానికి సమానం. లిటిల్స్ లా అంటారు, 1961లో జాన్ లిటిల్ నిరూపించారు. వచ్చేవాళ్లు ఏ పద్ధతిలో వచ్చినా, సర్వీసు ఎంతసేపు పట్టినా, దీర్ఘకాలపు సగటులు నిలకడగా ఉంటే చాలు, ఇది నిజం. ఎందుకు నిజమో పుస్తకం మూసి తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పగలరా? ఒక గీత వచ్చినవాళ్ల లెక్క, ఒక గీత వెళ్లినవాళ్ల లెక్క, మధ్యలో ఉన్న వైశాల్యం. ఆ వైశాల్యాన్ని నిలువుగా కోస్తే మనుషుల సంఖ్య, అడ్డంగా కోస్తే ఒక్కొక్కరు గడిపిన సమయం. ఇది చూసి ఒళ్లు పులకరిస్తే ఆపరేషన్స్‌కి రండి. "సరే, సూత్రం తెలిసింది కదా, వాడేద్దాం" అనిపిస్తే అదీ తప్పు కాదు, వేరే ట్రాక్ మీకు నప్పుతుంది.

తెరవెనుక_డేటా

మేడం చెప్పినదాంట్లో ఒక్క విషయంలో నాది వేరే మాట. అది మోడలింగ్ చేసే ఆపరేషన్స్‌కి సరిగ్గా సరిపోతుంది. డేటాతో చేసే ఆపరేషన్స్‌కి, ఆర్థికశాస్త్రం పాయలో ఉన్న మా వాళ్లకి రియల్ అనాలిసిస్ కన్నా ఎకనామెట్రిక్స్ (ఆర్థిక డేటాకి వాడే గణాంక పద్ధతులు) ముందు కావాలి. కొత్తబాట గారు ఉన్న కాస్త టైమ్‌ని దేనికి పెట్టాలో ప్రశ్న తేలాక చూసుకోవచ్చు.

ఎప్సిలాన్_డెల్టా

ఒప్పుకుంటాను. కానీ ఎకనామెట్రిక్స్ మొదటి కోర్సులోనే సగటులు ఎక్కడికి చేరతాయన్న నిరూపణలు వస్తాయి. పునాది వేసుకుని వస్తే మొదటి సంవత్సరం ఊపిరి ఆడుతుంది.

మార్పుకోసం

నేను మేనేజర్‌ని, నలభై దాటాయి. ఉద్యోగం మానకుండా డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్) చేయొచ్చు అంటున్నారు. అదీ, పీహెచ్‌డీ ఒకటేనా?

క్యూలైన్

కాదు సర్. డీబీఏ ఎక్కువగా అనుభవమున్న మేనేజర్ల కోసం, పార్ట్ టైమ్‌లో, ఫీజు సాధారణంగా మీరే కడతారు. మీ సంస్థలోని సమస్యనే పరిశోధన పద్ధతిలో చూడటం నేర్పుతుంది. పీహెచ్‌డీ పూర్తికాలం పని. పరిశోధన చేసే యూనివర్సిటీలో ప్రొఫెసర్ కావాలంటే దారి ఇదే. అమెరికా స్కూళ్లలో సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. బదులుగా రీసెర్చ్‌లోనో క్లాసుల్లోనో సాయం చేయాలి. అందుకే ఏడాదికి ఒక ట్రాక్‌లో కొద్దిమందినే తీసుకుంటారు. మీ లక్ష్యం మీ రంగంలోనే ఎదగడమైతే డీబీఏ మంచి నిర్ణయం.

సున్నా_నుంచి

రోజులు ఎలా గడుస్తాయో కూడా తెలియాలి కదా. మొదటి రెండేళ్లు కోర్సులు, సెమినార్లు. సెమినార్ అంటే వారానికి కొన్ని పేపర్లు చదివి, ఒక్కోదానికి "ఇది నిలబడదు, ఎందుకంటే" అని రాసుకుని వెళ్లి వాదించడం. తర్వాత క్వాలిఫయింగ్ పరీక్ష. దానికి ముందు రోజులు చాలా బరువుగా ఉంటాయి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి. అది గట్టెక్కాక సొంత పరిశోధన, ఏం చేయబోతున్నారో చెప్పే ప్రపోజల్, చివర్లో థీసిస్‌ని కమిటీ ముందు సమర్థించుకునే డిఫెన్స్. అమెరికాలో మొత్తం ఐదేళ్లు అనుకోండి. యూరప్‌లో మాస్టర్స్ ఉన్నవాళ్లకి మూడు నాలుగేళ్లుగా రాసి ఉంటుంది.

అప్లికేషన్ సంగతి: జీఆర్‌ఈ, జీమ్యాట్ స్కోర్లు ఐదేళ్లు చెల్లుతాయి. రెండింటిలో ఏదైనా పర్లేదనే స్కూళ్లు చాలా. క్వాంట్ సెక్షన్ మీద గట్టిగా పడండి, అంతకుమించి దాని గురించి ఆలోచించకండి.

కొత్తబాట

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయడం మొదలుపెట్టాను. మొదటి పేరా ఇదీ, మొహమాటం లేకుండా చెప్పండి:

"డేటా ఈనాడు ప్రతి వ్యాపారానికీ ప్రాణం. మెషీన్ లెర్నింగ్ మీద నాకు అపారమైన ఆసక్తి. పరిశ్రమలో పొందిన అనుభవంతో, పరిశోధన ద్వారా వ్యాపార నిర్ణయాలను మెరుగుపరచాలన్నది నా ఆకాంక్ష. మీ విశ్వవిద్యాలయం అందుకు సరైన వేదిక అని నమ్ముతున్నాను."

ఎప్సిలాన్_డెల్టా

మొహమాటం లేకుండానే చెబుతాను. ఇందులో మీరు లేరు. ఈ పేరా ఏ అప్లికేషన్‌కి అంటించినా అతుకుతుంది. అడ్మిషన్ కమిటీలో మేం వెతికేది ఒక్కటే: ఈ మనిషికి నిద్రపట్టనివ్వని ప్రశ్న ఏదైనా ఉందా? మీ మొదటి పోస్టులో "ఎక్కడ బెడిసికొట్టింది" అని రాశారు చూడండి, అది ఈ నాలుగు వాక్యాలకన్నా బలమైనది. ఎక్కడ బెడిసికొట్టింది? ఒక్క సంఘటన చెప్పండి.

కొత్తబాట

ఒకటి ఉంది మేడం. మా మోడల్ ఇచ్చిన అంచనాని ప్లానర్లు చేత్తో మార్చేవాళ్లు. ఎక్కువసార్లు మార్పు చాలా చిన్నది, నూటికి రెండో మూడో శాతం. అడిగితే "చూస్తే తక్కువనిపించింది" అనేవాళ్లు. అలాంటివి దాదాపు ఎప్పుడూ అంచనాని చెడగొట్టేవి. కానీ అప్పుడప్పుడూ ఒక ప్లానర్ సగానికి సగం తగ్గించేసేది. ఎందుకని అడిగితే పెద్ద కస్టమర్ ఒకరు ఆర్డర్ ఆపబోతున్నారని సేల్స్ వాళ్లు మాటల్లో అన్నారట. అది మా డేటాలో ఎక్కడా లేదు. ఆవిడ చెప్పిందే జరిగేది. మేనేజ్‌మెంట్ చివరికి విసిగిపోయి అందరికీ మార్చే అధికారం తీసేసింది. చెత్త మార్పులు పోయాయి, ఆవిడ మార్పులు కూడా పోయాయి. రెండింటినీ వేరు చేసే దారి ఉండాలి కదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

క్యూలైన్

అండీ, మీ పీహెచ్‌డీ ఇక్కడే ఉంది!

తెరవెనుక_డేటా

నూటికి నూరుపాళ్లు. పైగా మీరు చూసింది మీ ఒక్క కంపెనీ సంగతి కాదు. 2009లో ఫిల్డెస్, గుడ్విన్, లారెన్స్, నికోలోపౌలోస్ కలిసి నాలుగు కంపెనీల్లో 60,000కి పైగా అంచనాలను పరిశీలించి ఒక పేపర్ రాశారు. పెద్ద సవరణలు సగటున మేలు చేశాయి, చిన్నవి తరచూ చెడగొట్టాయి. తగ్గించిన సవరణలు పెంచినవాటికన్నా బాగా పనిచేశాయి. మీ ప్లానర్ చేసింది పెద్ద తగ్గింపు. లెక్క సరిగ్గా సరిపోయింది చూడండి.

ఇంకో వైపు నుంచి డీట్‌వర్స్ట్, సిమన్స్, మాస్సీ పని ఉంది. అల్గారిదమ్ ఒకసారి తప్పుచేయడం చూశాక, అది మనిషికన్నా మెరుగైనదైనా జనం దాన్ని వదిలేస్తారని 2015లో చూపించారు. కొంచెమైనా మార్చుకునే వీలిస్తే మళ్లీ వాడతారని 2018లో. అంటే మీ మేనేజ్‌మెంట్ అధికారం పూర్తిగా తీసేయడం వల్ల ఇంకో నష్టం కూడా జరిగి ఉండొచ్చు. ప్లానర్లకి ఆ సిస్టమ్ మీద నమ్మకమే పోయి ఉండొచ్చు.

మరి ఇంకా ఎవరూ పూర్తిగా జవాబు చెప్పనిది ఏంటి? మార్పు వెనక కొత్త సమాచారం ఉందో, ఉత్త అనుమానం ఉందో సిస్టమ్ ముందే ఎలా పసిగట్టాలి, ఎవరికి ఎంత అధికారం ఇవ్వాలి. ప్లానర్ ప్రవర్తనని ప్రయోగంలో పరీక్షిస్తే బిహేవియరల్ ఆపరేషన్స్. సిస్టమ్ డిజైన్ మార్చి ఫలితం చూస్తే ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్. అధికారం పంచే ఉత్తమ నియమాన్ని రాస్తే అనలిటిక్స్. ట్రాక్ ఏదని మీరు మొదట అడిగారు. ఈ ప్రశ్న మీద ఏ స్కూల్లో ఎవరు పనిచేస్తున్నారో చూడండి, వాళ్లు ఏ ట్రాక్‌లో ఉంటే అదే మీ ట్రాక్. ఒక స్కూల్‌కి ఒకటి, ఇంకో స్కూల్‌కి ఇంకోటి టిక్ పెట్టినా తప్పులేదు.

కొత్తబాట

ఈ పేపర్లన్నీ ఇవాళ రాత్రే మొదలుపెడతాను. నేనొక్కడినే దీని గురించి ఆలోచిస్తున్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

దారిమళ్లిన

ఒక హెచ్చరిక, భయపెట్టడానికి కాదు. నేను మూడో ఏడాదిలో ఉండగా మా గైడ్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయారు. నా అంశం మీద పనిచేసేవాళ్లు డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరూ లేరు. నేను మాస్టర్స్ తీసుకుని బయటికొచ్చి ఇప్పుడు ఇండస్ట్రీలో రీసెర్చ్ పని చేస్తున్నాను, పని నచ్చింది. మీరు మాత్రం ఒకే ప్రొఫెసర్‌ని చూసుకుని స్కూల్ ఎంచుకోకండి. కనీసం ఇద్దరైనా మీ ప్రశ్నకి దగ్గర్లో ఉండాలి.

ఆఫర్ వచ్చాక అక్కడి విద్యార్థులతో ఫోన్లో మాట్లాడండి, మెయిల్‌లో ఎవరూ నిజం పూర్తిగా రాయరు. అడగాల్సినవి: గైడ్ డ్రాఫ్ట్ చదివి తిరిగివ్వడానికి ఎంతకాలం పడుతుంది? గత కొన్నేళ్లలో చేరినవాళ్లలో ఎంతమంది పూర్తిచేశారు, ఎక్కడ చేరారు? స్టైపెండ్ ఎన్నేళ్లకి రాసిస్తారు, వేసవిలో కూడా వస్తుందా? మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేముందు అవతలి మనిషి ఎంతసేపు ఆగారో గమనించండి.

ఎప్సిలాన్_డెల్టా

బాధ్యతగా చెప్పారు. దీనికి తోడు, చివరి సంవత్సరం ఉద్యోగాల వేట ఎలా ఉంటుందో కూడా తెలిసి రావాలి. ఆపరేషన్స్ వాళ్లకి ఇన్ఫార్మ్స్ అనే ఆపరేషన్స్ రీసెర్చ్ సంఘం వార్షిక సమావేశం, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ వాళ్లకి డిసెంబర్‌లో జరిగే ఐసిస్ (ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్ ఆన్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) ముఖ్యమైన చోట్లు. చేతిలో ఒక బలమైన జాబ్ మార్కెట్ పేపర్, అంటే ఉద్యోగం కోసం ముందుపెట్టే మీ ముఖ్య పరిశోధన, ఉండాలి. మంచి జర్నల్లో పేపర్ రావాలంటే రివ్యూలు, సవరణలు, మళ్లీ రివ్యూలతో రెండు మూడేళ్లు పట్టడం మామూలే. అందుకే ప్రశ్నతో వచ్చినవాళ్లకి కాస్త ముందుగా మొదలుపెట్టే వీలుంటుంది.

కొత్తబాట

మొదటి పేరా తిరగరాశాను:

"మా సంస్థలో ప్లానర్లు డిమాండ్ అంచనాలను చేత్తో సవరించేవారు. చిన్న సవరణలు అంచనాను చెడగొట్టేవి. ఒక ప్లానర్ చేసిన పెద్ద తగ్గింపులు మాత్రం మోడల్‌కు అందని సమాచారాన్ని మోసుకొచ్చేవి. సంస్థ సవరించే హక్కును అందరికీ రద్దు చేసింది. మంచి సవరణను చెడ్డదాని నుంచి ముందుగానే వేరు చేయగలమా, ఆ హక్కును ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి అన్నది నేను పరిశోధించాలనుకుంటున్న ప్రశ్న."

ఎప్సిలాన్_డెల్టా

ఇది నా ముందుకొస్తే రెండో పేజీ తిప్పుతాను.

క్యూలైన్

మేడం నుంచి ఈ మాట రావడం తేలిక కాదు, నమ్మండి. "మోసుకొచ్చేవి" తీసి "తెచ్చేవి" అనండి, చాలు.

కొత్తబాట

ధన్యవాదాలు అందరికీ. చివరిగా ఒకటి. సిఫార్సు లేఖలు మూడు కావాలి. మా మేనేజర్ సంతోషంగా రాస్తానన్నారు. ప్రొఫెసర్లతో మాట్లాడి చాలాకాలమైంది, వాళ్లకి నేను గుర్తుంటానో లేదో.

తెరవెనుక_డేటా

మేనేజర్ నుంచి ఒకటి చాలు. "కష్టపడే మనిషి, టీమ్‌లో కలిసిపోతారు" అని రాస్తే మాకు ఉపయోగం లేదు. ఆ సవరణల సంగతి మీరు ఎలా గమనించారు, దాన్ని ఎలా విడదీసి చూశారు అన్నది రాయమనండి. మిగతా రెండూ ప్రొఫెసర్ల నుంచే రావాలి, అందులో ఒకరు మీ మాస్టర్స్ ప్రాజెక్ట్ చూసినవాళ్లై ఉంటే మేలు. మెయిల్‌లో ఆ పాత రిపోర్ట్, మీ మార్కుల జాబితా, ఇప్పుడు రాసిన పేరా మూడూ జతచేయండి. వీలైతే ఒకసారి ఫోన్లో మాట్లాడతారా అని అడగండి. చాలా గడువులు డిసెంబర్, జనవరిల్లో పడతాయి, సెమిస్టర్ చివర్లో వాళ్లు పేపర్లు దిద్దుతూ ఉంటారు. కాబట్టి అక్టోబర్ దాటకుండా అడిగేయండి.